పొదలు క్రమ్మిన బాట

శరదృతువు అనగానే మన పిల్లల కనుల ముందు రెండు చిత్రములు నిలుచును. మొదటిది వారు ఆంగ్ల వాచకములలో చూచిన చలిదేశముల చిత్రము. అక్కడ ఈ కాలమున ఆకులు పసుపుపచ్చగను ఎర్రగను మారి రాలిపోవును, చెట్లు మోడులగును. రెండవది మన కనులెదుట నున్నది. మన ఆశ్వయుజ కార్తికములలో ఆకు రాలదు. రాల్చుట శిశిరము పని. మనకు శరత్తు నిండుదనపు ఋతువు. చెరువులు నిండి నీరు తేరును. వరి కంకి వంగును. బీడులలో గునుగు తెల్లగను, తంగేడు బంగారువన్నెతోను పూచును. మహాలయ అమావాస్యనాడు మొదలై తొమ్మిది దినములు సాగు బతుకమ్మ పండుగలో తెలంగాణపు ఆడుబిడ్డలు పేర్చునవి ముఖ్యముగా ఈ పూలే. ఆ నేల ఆ ఋతువున ఏమి పూచునో అదియే వారి పూజాద్రవ్యము.

ఈ ఋతువునందలి మన ఆచారములను వరుసగా తలచుకొన్నచో ఒక విశేషము కనబడును. తంగేడు పూలకొరకు బీటికి పోవలెను. దసరానాడు పాలపిట్టను చూచుటకు ఊరి వెలుపలికి నడవవలెను. జమ్మిచెట్టు కడకు పోయి రావలెను. కార్తికమున ఉసిరిచెట్టు నీడను వనభోజనము చేయవలెను. ఇవి అన్నియు మనుష్యుని ఇంటి గడప దాటించి, చెట్టు దగ్గరకు కాలినడకను తీసికొనిపోవు ఆచారములు. వానలలో బురద, వేసవిలో ఎండ. ఈ రెండింటి నడుమ నేల గట్టిపడి, గాలి చల్లబడి, పచ్చదనము చెడకయుండు కాలమిది. నడకకు తగిన ఋతువును పెద్దలు చక్కగనే ఎరిగియుండిరి. అయితే నడచుటకు బాట కావలెను. ఉన్న బాటలు ఏమగుచున్నవో చెప్పుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

హైదరాబాదునకు పడమటగా వికారాబాదు చెంత అనంతగిరి కొండలు కలవు. దక్కను పీఠభూమిలో విశాలభాగమును కప్పిన నల్లని అగ్నిశిల ఈ ప్రాంతమున తన తూర్పుటంచునకు చేరువగును. దానిపైన తేనెపట్టువలె చిల్లులు గలిగిన ఎర్రని రాయి మూతవలె పరచుకొని యున్నది. లాటరైటు అని శాస్త్రజ్ఞులు పిలుచు ఈ రాయి, లక్షల సంవత్సరముల పాటు ఎండకును వానకును నల్లరాయి శిథిలమగుటచే ఏర్పడినది. చిల్లుల రాయి గనుక వాననీటిని పీల్చుకొనును; అడుగునకు చేరిన నీరు కొండప్రక్కల ఊటలై మెల్లమెల్లగా వెలువడును. మూసీనది ఈ కొండలలోనే పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి, హైదరాబాదు నగరమధ్యముగా సాగి, నల్లగొండ జిల్లా వాడపల్లికడ కృష్ణలో కలియుచున్నది.

ఆ కొండలకు చేరువనున్న ఒక చిన్న అడవిలో, కొన్ని యేండ్ల క్రిందట, పిల్లలకు చెట్లను పరిచయము చేయుటకై ఒక కాలిబాట వేసియుండిరి. దీనిని నేచర్ ట్రెయిల్ అనుచున్నారు. మనము ప్రకృతిబాట యనవచ్చును. ఒకచోట బయలుదేరి, అడవిలో గుండ్రముగా తిరిగి, మరల అచ్చటికే వచ్చు బాట అది. నిడివి మూడు కిలోమీటర్లకు మించదు. నడుమనడుమ చెట్లకు పేరు వ్రాసిన పలకలు, వాగుమీద చిన్న కర్రవంతెన, అలసినవారు కూర్చుండుటకు రాతిబల్లలు ఏర్పాటు చేసిరి. దాని పేరును, వేసినవారి పేరును చెప్పవలసిన పనిలేదు. వేసిననాడు రిబ్బను కత్తిరించి, రెండవయేట మరచిన బాటలు మన ప్రాంతమున అది యొక్కటియే కాదు.

గత కార్తికమాసమున ఒక ఆదివారము ఉదయమున మేము ఐదుగురము పెద్దలము, ఇద్దరు పిల్లలతో, తగిన అనుమతి పొంది ఆ బాట నడచితిమి. ద్వారముకడ నిలిపిన పటములో బాట ఆకారము ఇంకను పోల్చుకొనుటకు వీలుగనే యుండెను. కాని పటములో చూపిన బాట నేలమీద లేదు. మోకాలెత్తు గడ్డిలో, రెండు పొదల నడుమ కొంచెము పలుచగా తోచిన చోటును పట్టుకొని ముందునకు పోవలసివచ్చెను.

మొదటి భాగము టేకుచెట్లది. ఆ కాలమున టేకాకులను చూడవలెను. వానకాలపు చివరలో ఒక చిన్న పురుగు టేకాకులోని మెత్తని భాగమును తినివేసి ఈనెలను మాత్రము విడిచిపెట్టును. అట్టి ఆకును ఆకాశమునకు ఎత్తి చూచినచో సన్నని వలవలె నుండును. చెట్టు దీనివలన చావదు. కొంత ఎదుగుదల తగ్గును, అంతే. పిల్లలు అట్టి ఆకులను ఏరి పుస్తకములలో దాచుకొనిరి. లేత టేకాకును చేతిలో నలిపి వ్రేళ్ళు ఎర్రబడుట చూపగా వారికి మరింత సంతోషము కలిగెను.

పది అడుగులు నడచునప్పటికి మా ముఖములకు ఎదురుగా ఒక పెద్ద సాలెగూడు అడ్డముగా కనబడెను. నడుమ నల్లని, పసుపు చారలుగల, అరచేతి వెడల్పు కాళ్ళ సాలీడు తలక్రిందుగా నిలిచియుండెను. వానల తరువాత మన అడవులలో ఇవి బలిసి పెద్దవగును. దాని పట్టుపోగు ఎండలో బంగారు వన్నెను చిమ్మును. గూటి ప్రక్కను గోరంత లేని మరొక సాలీడు పొంచియుండును. అది దాని మగడు. ఈ సాలీడు చెట్టునకును చెట్టునకును నడుమ తెరపిగా నున్న చోటునే వెదకును. మనుష్యులు నడచు బాటలో గూడు నిలువదు. మేము ఆ మూడు కిలోమీటర్లలో పదునాలుగు గూళ్ళను లెక్కించితిమి. అడవిలో రాకపోకల పట్టీని వ్రాయువారు ఎవరును లేరుగాని, ఈ సాలీళ్ళు ఆ పని చేయుచున్నవి. ఎన్ని దినములుగా ఒక్క మనిషియు ఆ దారిన రాలేదో ఆ గూళ్ళే చెప్పుచుండెను. మేము వంగి, ప్రక్కకు తొలగి, వానిని తెంపకుండ దాటిపోతిమి.

కాలిబాట ఎట్లు బ్రతుకునో ఒక్క క్షణము ఆలోచింతము. పాదము పడినచోట మట్టి అణగును. అణగిన మట్టిలో విత్తు సులభముగ మొలకెత్తదు. మొలచినను లేతదనముననే మరియొక పాదము క్రింద నలుగును. గరికవంటి మొండిగడ్డి మాత్రము అంచులను పట్టుకొని యుండును. ఈ విధముగా నడచువారే బాటను ప్రతిదినము మరమ్మతు చేయుదురు. నడక ఆగినచో రెండు మూడు వానకాలములు చాలును, బాట మాయమగుటకు. పదునాల్గవ శతాబ్దమున రెడ్డిరాజ్యమును స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబిలమునకును మెట్లు కట్టించెను. శ్రీశైలమునకు పోవు నల్లమల అడవిదారులలో శివరాత్రికిని, ఉగాదికిని యాత్రికులు నేటికిని కాలినడకను పోవుచున్నారు. రాజులు పోయిరి, రాజ్యములు పోయినవి. దారిని నిలిపినది రాతిమెట్ల గట్టితనము మాత్రమే కాదు. ఏటేట వచ్చు పాదములు.

కొండవాలున వేసిన బాటకు మరియొక పోషణ కూడ కావలెను. వాననీరు వాలుబాటను కాలువగా వాడుకొనజూచును. అందుచేత బాటకు అడ్డముగ, కొంచెము ఏటవాలుగ, రాళ్ళవరుసలు పాతి నీటిని ప్రక్కకు మళ్ళింతురు. ఏడాదికొకసారి ఆ రాళ్ళ వెనుక చేరిన ఆకును మట్టిని తీసివేయవలెను. మేము చూచిన బాటలో ఈ రాళ్ళవరుసలు పూడిపోయి చాల కాలమైనది. నీరు వానిపైనుండి దూకి, బాట నడుమను కోసుకొనుచు, ఒకచోట మొలలోతు గండిని చేసినది. చెట్లవేళ్ళు గాలిలో వ్రేలాడుచుండెను. బాట వేయకుండియున్నచో ఆ చోట ఈ గండి పడకపోయెడిది. వేసి విడిచిన బాట అసలు వేయని చోటుకంటె అడవికి ఎక్కువ కీడు చేయునని అక్కడ స్పష్టముగా తెలిసినది.

ఇంక, ఆ బాటను క్రమ్మినది ఏమిటి? దూరమునుండి చూచువారికి అంతయు పచ్చదనమే. అడవి తన స్థలమును తాను తిరిగి తీసికొన్నదని ముచ్చటగా అనుకొనవచ్చును. దగ్గరకు పోయి ఒక్కొక్క మొక్కను చూచినచో సంగతి వేరు. ముప్పాతిక వంతు లాంటానా. ఒకే గుత్తిలో పసుపుపచ్చని పూవులు, గులాబివన్నె పూవులు కలసియుండు ముండ్లపొద ఇది. పుట్టినిల్లు అమెరికా ఉష్ణప్రాంతము. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళలో తోటల అందమునకై మనదేశమునకు తెచ్చిరి. దాని నల్లని పండ్లను పిట్టలు తిని గింజలను దూరదూరముగ చల్లును. ఆకును పశువులు ముట్టవు, ముట్టినచో జబ్బుపడును. వెలుతురు పడినచోట అది వేగముగ పెరుగును. దట్టమైన అడవి నీడలో దానికంత బలము లేదు. బాట వేయుటకై కొమ్మలు కొట్టినప్పుడు వెలుతురు నేలను తాకెను. నడక ఆగిపోగానే ఆ వెలుతురును లాంటానా అందుకొన్నది. దాని క్రింద మోదుగపిల్ల గాని, తునికిపిల్ల గాని తలయెత్తలేదు. అంచులలో వయ్యారిభామ. ఇదియు అమెరికానుండి వచ్చినదే. 1950 దశకమున పూనా ప్రాంతమున మొదట కంటబడి, నేడు ప్రతి ఊరి రోడ్డుప్రక్కను నిలిచి, ఒంటికి తగిలినవారికి దద్దురులు తెప్పించుచున్నది. వాగుదరిని సర్కారుతుమ్మ. దానిని 1870 దశకమున వంటచెరకు కొరకై కడప ప్రాంతమున నాటించిరి. మన జమ్మిచెట్టుకు అది దూరపు చుట్టమే గాని, గుణమున పోలికలేదు.

పరదేశపు మొక్క యనుటచేతనే దేనిని ద్వేషింపనక్కరలేదు. ఆ బాటప్రక్కను మాకు ఆకలి తీర్చిన సీతాఫలము కూడ అమెరికా ఖండమునుండి వచ్చినదే. కాని అది మన కొండలలో మనతో కలసినది. మేకలు దాని ఆకును తినవు గనుక రాళ్ళసందులందు బ్రతుకును. ప్రక్కచెట్టును మాత్రము బ్రతుకనిచ్చును. కాయపైని కన్నులు విచ్చి, సందులు తెల్లబడినప్పుడు కోసి, గడ్డిలో పెట్టినచో మూడు నాళ్ళకు పండును. శరత్కాలమున పాలమూరు, వికారాబాదు ప్రాంతపు స్త్రీలు బుట్టలతో వానిని బజారునకు తెచ్చి ఇల్లు గడుపుకొందురు. సీతమ్మ పేరు పెట్టి మనవారు దానిని ఇంటిదానినిగా చేసికొనిరి. కావున ప్రశ్న ఎక్కడినుండి వచ్చినదని కాదు. వచ్చి ఇతరులకు చోటు మిగిల్చినదా లేదా అని.

నడువలేని ఒక పొదకడ మేము ఆగియుండగా, అవతలనుండి మేకల గంటలు వినబడెను. ఒక వృద్ధుడు గొడ్డలికర్రతో కొమ్మను ప్రక్కకు వంచి మాకు దారి చూపెను. అప్పటికే మాలోని చిన్నపిల్ల మఖమలువలె మెరయు ఒక కాయను కోయబోవుచుండెను. ఆయన దూరమునుండియే కేకవేసెను.

“బిడ్డా, ముట్టకు! దూలగొండి అది. ఒళ్ళంత దురద పుడ్తది.”

ఆ పిల్ల చేయి వెనుకకు తీసికొని, భయము తీరగానే ప్రశ్నలు మొదలుపెట్టెను. “తాతా, ఇది ఏమి చెట్టు? తాతా, అది ఏమి చెట్టు?” ఆయన విసుగుకొనక చెప్పుచు మాతోకూడ నడచెను. బెరడు తెల్లగా నున్నది తబసి. దానినుండి బంక తీయుదురు. మూడేసి ఆకులది మోదుగ, విస్తళ్ళు కుట్టుదురు. పొడవైన నల్లని కాయలు వ్రేలాడునది రేల. గాలికి గలగలమను కాయలతో నున్నది గిలిగిచ్చ. ఆ గిలిగిచ్చపై నల్లని సీతాకోకచిలుకలు, నీలిచారలవి, గుంపుగా వ్రాలియుండెను. ఎండిన ఆ మొక్కలోని చేదురసమును అవి పీల్చుకొనును. ఆ చేదువలన పక్షులు వానిని తినవు. ఇంత శాస్త్రము ఆయనకు తెలియదుగాని, “పండుగలప్పుడు ఈ పురుగులు ఈ చెట్టు మీదనే ఉంటయి” అని ఆయన చెప్పినది ఏ శాస్త్రజ్ఞుడును కాదనడు.

ఒక చెట్టుకడ పలక ఇంకను మేకుతో వ్రేలాడుచుండెను. చెట్టు లావెక్కుచు మేకుచుట్టును బెరడును పెంచి, పలక అంచును సగము మ్రింగివేసెను. రంగు పోయి, శాస్త్రనామములోని నాలుగక్షరములు తప్ప ఏమియు మిగులలేదు. పిల్ల ఆ అక్షరములను చదువజూచి, చాలక, ఆయనవైపు తిరిగెను.

“చిల్ల చెట్టు బిడ్డా. దీని గింజ అరగదీసి కుండ లోపల రాస్తె బురదనీళ్ళు తేటగైతయి. వాగు నీళ్ళు తెచ్చినప్పుడు మా అమ్మ అట్లనే చేసేది.”

అది నిజము. చిల్లగింజలోని పదార్థములు నీటిలోని సన్నని మట్టిరేణువులను ఒకదానితో నొకటి అంటించి అడుగునకు దింపును. మన వైద్యగ్రంథములలో దీనిని కతకమనిరి. మేము ఆయనను, “మీ మనుమలకు ఈ పేర్లు వచ్చునా?” అని యడిగితిమి.

“వాళ్ళకేం పని సారూ, పట్నంల ఉన్నరు. ఈ బాట మంచిగున్నప్పుడు బడిపిల్లలు వచ్చెటోళ్ళు. అడిగెటోళ్ళు, నేను చెప్పెటోణ్ణి. ఇప్పుడు అడిగెటోళ్ళు లేరు” అని ఆయన మేకలవైపు చూచెను.

ఈ మాటలోనే ఈ ప్రసంగ సారమంతయు కలదు. పలక తుప్పుపట్టినచో మరియొక పలక చేయించవచ్చును. చెట్టు ఇంకను నిలిచియే యున్నది. పేరు తెలిసిన వృద్ధుడు ఇంకను తిరుగుచునే యున్నాడు. తెలిసికొనగోరు పిల్లకు కూడ కొరతలేదు. ఈ ముగ్గురిని ఒకచోట చేర్చునది ఆ మూడు కిలోమీటర్ల బాట. అది మూసికొనిపోయినచో చెట్టు అడవిలోను, తాత మేకలవెంటను, పిల్ల ఇంటిలోను నుండిపోవుదురు. పేరు లేనివానిని పోగొట్టుకొన్నను మనకు తెలియదు. ఒక చిల్లచెట్టు పోయినదని బాధపడుటకు ముందు అది చిల్లచెట్టని తెలిసియుండవలెను గదా!

దీనికి ఒక ఎదురుమాట కలదు. దానిని తేలికగా త్రోసిపుచ్చరాదు. అడవిని అడవిగానే విడువరాదా, మనుష్యుని బాట ఎందుకు, మనుష్యుడు పోయినచోట ప్లాస్టిక్ సంచులు, సీసాపెంకులు, కేకలు తప్ప ఏమి మిగులునని కొందరు అడుగుదురు. పులులు, ఎలుగుబంట్లు తిరుగు పెద్ద అడవుల నడిభాగము విషయమున ఈ మాట ముమ్మాటికి నిజము. అక్కడ బాట మూసికొనిపోవుటయే మేలు. కాని పట్టణములకు చేరువనున్న చిన్న అడవుల సంగతి వేరు. వానిని నాలుగువైపుల రోడ్లు, ఇండ్లస్థలములు, తోటబంగళాలు చుట్టుముట్టినవి. వానికి రక్షణ చట్టము ఒకటి, వానిని ఎరిగిన జనులు రెండు. ఎరుగని జనులకు అవి వట్టి కంపచెట్లు. కంపచెట్లను కొట్టివేసినను అడుగువారుండరు. ఒక్క చక్కని సన్నని బాట యున్నచో నడచువారందరు దానిమీదనే నడతురు, తక్కిన అడవి ప్రశాంతముగ నుండును. బాట చెడినచో తలకొక దారి తొక్కుదురు. మేము కూడ ఆ దినమున రెండుచోట్ల, బాట కానరాక, మొలకలున్న నేలను చుట్టి పోవలసివచ్చెను.

బాట చివరిభాగము వాగులోనికి దిగును. వంతెన దూలములు రెండు మిగిలియుండెను, పైపలకలు లేవు. రాళ్ళపై అడుగుపెట్టి దాటితిమి. నీరు చీలమండలోతు, మిక్కిలి చల్లన. ఈ వాగువంటి అనేకమైన వాగులు కలసియే మూసీ యగుచున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలకొలది ప్రాణములను కొనిపోయెను. ఆ విపత్తునకు కారణము అసాధారణమైన కుంభవృష్టి. దానిని ఏ అడవియు ఆపగలిగి యుండదు. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాననుసరించి మూసీపై గండిపేట చెరువగు ఉస్మాన్‌సాగరమును, ఈసీవాగుపై హిమాయత్‌సాగరమును కట్టిరి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తయ్యెను. కట్టను మనుష్యుడు కట్టగలడు. ఆ చెరువులోనికి తేటనీరు రావలెనా, ఒండ్రు రావలెనా యనుట మాత్రము పైనున్న కొండల నేలపై ఆధారపడియుండును. ఆకులు రాలి మెత్తబడిన నేల నీటిని ఇముడ్చుకొనును. గండిపడిన బాట నీటిని మట్టితో కలిపి తరుముచు పంపును. ఒక్క బాట మట్టి ఎంత? స్వల్పమే. కాని చెరువు పూడుట స్వల్పములతోనే.

మరి చేయదగినదేమి? పెద్ద ధనముతో పనిలేదు. వానలు తగ్గిన వెంటనే, గింజలు రాలకముందే, బాటను శుభ్రము చేయవలెను. లాంటానాను పైపైన నరికినచో ఒకటికి పది చిగుళ్ళు వేయును. వేరు మొదలును నేలకు రెండంగుళముల లోతున నరికి, పొదను పెకలించి, తలక్రిందుగా నిలిపి ఎండనీయవలెను. రెండేండ్లపాటు మొలకలను చేతితో పీకవలెను. ఖాళీచోటున మోదుగ, తునికి, ఉసిరి మొక్కలకు నీడపట్టు కల్పింపవలెను. నరికిన కర్ర కూడ వ్యర్థము కాదు. కర్ణాటకములోని మలెమహదేశ్వర కొండలలో సోలిగజనులు లాంటానా కర్రలతో కుర్చీలు, బుట్టలు అల్లి అమ్ముచున్నారు. పూడిన రాళ్ళవరుసలను ఏటికొకసారి తెరువవలెను. పేర్ల పలకలను చెట్టుకు మేకు కొట్టక, ప్రక్కను రాయిపాతి దానిపై చెక్కింపవలెను. శాస్త్రనామముతోపాటు ఆ ప్రాంతపువారు పిలుచు పేరును, వారి వాడుకను కూడ వ్రాయవలెను. ఆ వృద్ధునివంటివారిని అడిగి వ్రాయుటకు ఇదియే తరుణము. పది యేండ్ల తరువాత అడుగుటకు వారుండకపోవచ్చును.

ఇది అటవీశాఖవారి అనుమతితో, వారి పర్యవేక్షణలో జరుగవలసిన పనియే. అయినను వారు మాత్రమే చేయవలసిన పని కాదు. కార్తికమున వనభోజనములకు పోవు కుటుంబములు మన తెలుగుదేశమున కొల్లలు. ఇప్పుడు చాలచోట్ల అవి గుడారముల క్రింద, అద్దెకుర్చీలలో, ధ్వనియంత్రముల నడుమ జరుగుచున్నవి. ఉసిరిచెట్టు లేనిచో కొమ్మను తెచ్చి కుండీలో నిలుపుచున్నారు. అట్టి ఒక్కొక్క బృందము తమకు చేరువనున్న ఒక బాటను తమదిగా ఎంచుకొని, ఏటికొక దినము దానిని నడచి, రెండు గంటలు దానికి పనిచేసి, పిమ్మట భోజనము చేసినచో వనభోజనమను మాటలోని వనము తిరిగి దక్కును. బడులవారు కూడ ఋతువున కొకసారి పిల్లలను తీసికొనిపోవచ్చును. ఏ చెట్టు ఏ వారమున పూచినదో, ఏ పిట్ట ఎప్పుడు వచ్చినదో ఒక పుస్తకములో వ్రాయించినచో, పది సంవత్సరములకు అది ఆ ఊరికి విలువైన చరిత్రయగును.

ఈ ప్రసంగమును వినుచున్నవారిలో అనేకుల ఊరిచివరను అట్టి బాట యొకటి యుండకపోదు. కొండమీది గుడికి పోవు పాతదారి కావచ్చును, చెరువుకట్ట క్రింది కాలిదారి కావచ్చును, మరచిపోయిన ప్రకృతిబాట కావచ్చును. కార్తికము ముగియకముందే ఒక ఉదయమున పిల్లలను వెంటబెట్టుకొని దానిని వెదకుడు. మోకాలెత్తు గడ్డి యున్నచో పాములుండును గనుక ముందు కర్రతో చప్పుడు చేయుడు. గట్టి చెప్పులు తొడుగుకొనుడు. దారిలో మేకలకాపరి కనబడినచో నిలిచి మాటలాడుడు. మొదటిదినము ఉత్తరేణి గింజలు బట్టలనిండ అంటుకొనును. ఇంటికి వచ్చి గంటసేపు ఏరుకొనవలెను. రెండవమారు పోవునప్పటికి గడ్డి కొంచెము ప్రక్కకు ఒరిగియుండును. మూడవమారు పోయినప్పుడు, వేరెవరివో అడుగులు కూడ అక్కడ కనబడును.